నాన్న పంటిగుంటలో స్పాంజి: ఒక అరుగుదల డైరీ

నవంబర్ 5

ఇవాళ నాన్నకి కింది దవడ పన్ను తీయించాం. గుండె కోసం రోజూ వేసుకునే ఆస్పిరిన్ పుణ్యమా అని రక్తం ఓ పట్టాన ఆగలేదు. డాక్టరుగారు చిన్న ప్యాకెట్ చింపి, మరమరాలంత తేలికగా ఉన్న తెల్లటి ముక్క ఒకటి తీశారు. అన్ని వైపులా సెంటీమీటరు ఉంటుందేమో. దాన్ని వేళ్ళ మధ్య నలిపి గుంటలో కూరి, పైన గాజ్ గుడ్డ పెట్టి గట్టిగా కరుచుకోమన్నారు. ఐదారు నిమిషాల్లో రక్తం కట్టింది.

"మళ్ళీ ఎప్పుడు తీస్తారండీ దాన్ని?" అని అడిగాను.

"తీసేదేం లేదు సార్. అదే కరిగిపోతుంది."

నాన్న రిటైర్డ్ తెలుగు పండితులు. నోరు తెరవకూడదు కాబట్టి, ఆటోలో నా జేబులోంచి పెన్ను లాక్కుని మందుల చీటీ వెనక రాశారు: "కరిగి ఎక్కడికి పోతుంది?"

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మందు ఒంట్లోకి ఎలా చేరుతుంది, ఎక్కడెక్కడ తిరుగుతుంది, ఏ దారిన బయటికి పోతుంది అన్నదే నా సబ్జెక్టు. అలాంటిది ఆ చీటీకి జవాబు తట్టలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఖాళీ ప్యాకెట్ మీద సన్నటి అక్షరాల్లో, పంది చర్మం నుంచి తీసిన జెలటిన్ అని ఉంది. ఇది కార్తీకమాసం. నాన్న ఉల్లిపాయ కూడా ముట్టడం లేదు. ప్యాకెట్ మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

నవంబర్ 7

ఫైనలియర్ పిల్లలిద్దరికి ప్రాజెక్టు టాపిక్ ఇవ్వడం బాకీ ఉంది. చీటీలోని ప్రశ్ననే ఇచ్చేశాను.

ముందు సరుకేంటో తేల్చుకోవాలి. ఆపరేషన్లలో వాడే జంతు ప్రోటీన్లన్నీ ఒక జాతివి కావు. నాన్నకి పెట్టింది నిజానికి జిగురు కూడా కాదు. రక్తాన్ని పీల్చుకుని, గడ్డకి పందిరిలా నిలబడే జెలటిన్ స్పాంజి. 1940ల నుంచి వాడకంలో ఉంది. అసలు జిగుర్లలో మొదట చెప్పుకోవాల్సింది ఫైబ్రిన్ జిగురు. రక్తంలో గడ్డకట్టే ప్రోటీన్ ఫైబ్రినోజెన్ ఒక సిరంజిలో, దాన్ని ఫైబ్రిన్ గడ్డగా మార్చే ఎంజైము త్రాంబిన్ ఇంకో సిరంజిలో ఉంటాయి. రెండూ కలిసిన చోట గడ్డ కడుతుంది. ఫైబ్రినోజెన్ మనిషి ప్లాస్మాదే అయినా, గడ్డ తొందరగా విడిపోకుండా కాపలాకి పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన అప్రోటినిన్ అనే చిన్న ప్రోటీన్ కలిపేవారు. తర్వాత కృత్రిమంగా తయారుచేసింది కూడా వచ్చింది. త్రాంబిన్ కూడా చాలాకాలం పశువుల రక్తం నుంచే వచ్చేది. గుండె సర్జన్ల దగ్గర ఉండేది బయోగ్లూ. ఒక గదిలో 45 శాతం పశు ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్, ఇంకో గదిలో ప్రోటీన్లని ముడేసే రసాయనం, 10 శాతం గ్లుటరాల్డిహైడ్. 4కి 1 పాళ్ళలో కలిసి 20, 30 సెకన్లలో పట్టేసుకుంటుంది. అంతకుముందు, 1970లలో, ఫ్రాన్సులో చీలిన బృహద్ధమనిని అతకడానికి జెలటిన్, రిసార్సినాల్, ఫార్మాలిన్ కలిపి వాడారు. వడ్రంగి బంకకి దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఎలుకల మీద చేయాలంటే ఎథిక్స్ కమిటీ, అనుమతులు, ఆరు నెలలు. మా దగ్గరున్నవి ఇంక్యుబేటరు, నాలుగు దశాంశాల త్రాసు, రంగు చిక్కదనం కొలిచే ఒక స్పెక్ట్రోఫోటోమీటరు. కాబట్టి జెలటిన్ బిళ్ళల్ని ఒంటి వేడిలో, ప్రోటీన్ కోసే ఎంజైములో వేసి ఎలా పోతాయో చూడడం బెంచి మీద, మిగతావి కాగితం మీద.

నవంబర్ 10

మొదటి ప్రయత్నం అరగంటలో ముగిసింది.

పది శాతం జెలటిన్ గోరువెచ్చగా కరిగించి, ఇంటి నుంచి తెచ్చిన కేకు బీటర్‌తో నురగ కొట్టాం. గుడ్డు తెల్లసొనలా గట్టిగా నిలబడింది. పెట్రీ డిష్‌లో పోసి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టి, బిళ్ళలుగా కోశాం. చూడ్డానికి డాక్టరుగారి ముక్కకి తమ్ముడిలా ఉన్నాయి. ఒకదాన్ని 37 డిగ్రీల సెలైన్‌లో వేశాం. ఎంజైము ఇంకా కలపనే లేదు. పిల్లలు టైమర్ నొక్కి టీకి వెళ్ళొచ్చేసరికి ట్యూబులో బిళ్ళ లేదు.

తప్పు నాదే. మామూలు జెలటిన్ జెల్ మన ఒంటి వేడికి నిలవదు. నోట్లో జెల్లీ కరిగేది అందుకే. నాన్న పంట్లో ఉన్నది నోటి వేడిలో తడిసి కూడా నిలబడిందంటే, దానికి తయారీలో ఇంకేదో చేశారన్నమాట.

నవంబర్ 13

చేసేది ఇదీ: బాగా ఎండిన నురగని పొడి వేడిలో కాలుస్తారు. నీరంతా పోయాక పక్కపక్కన ఉన్న ప్రోటీన్ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ముడులు పడ్డాక నీళ్ళలో ఉబ్బుతుంది గానీ కరగదు. మేం హాట్ ఎయిర్ ఓవెన్‌లో 140 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా ఉంచాం. బిళ్ళలు లేత గోధుమ రంగుకి తిరిగాయి. ల్యాబంతా అప్పడాలు కాల్చిన వాసన. అటెండరు బాబాయ్ తలుపు తీసి, "ఏంటి సార్, వంటా?" అన్నాడు.

రెండో జట్టు బిళ్ళల్ని పల్చటి గ్లుటరాల్డిహైడ్‌లో, ఫ్యూమ్ హుడ్ కింద ముంచి, బాగా కడిగి ఆరబెట్టాం. ఇవి పసుపు రంగు. వీటిని బయోగ్లూకి నకలు అనలేను. ఆల్బుమిన్ కాదు, జెలటిన్. కానీ ముడి అదే ముడి. గ్లుటరాల్డిహైడ్‌కి రెండు చివర్లా రెండు చేతులున్నట్టు లెక్క. ఒక చెయ్యి ఈ గొలుసులోని అమైనో ఆమ్లం లైసిన్‌ని, ఇంకో చెయ్యి పక్క గొలుసులోని లైసిన్‌ని పట్టుకుంటుంది. ఆపరేషన్‌లో అయితే ఆ రెండో చెయ్యి రక్తనాళం గోడలోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. అందుకే అది జిగురయింది.

మూడో జట్టు డాక్టరుగారు ఇచ్చిన, డేటు దాటిన ప్యాకెట్లలోని స్పాంజి. ఒక సెంటీమీటరు ముక్క తూచాం. 11 మిల్లీగ్రాములు. మూడుసార్లు తూచాం, నమ్మలేక. దీన్ని సెలైన్‌లో వదిలితే పడవలా తేలింది. గంటయినా బరువు తొంభై మిల్లీగ్రాములు దాటలేదు. లోపల గాలి బిగుసుకుపోయి ఉంది. అప్పుడు డాక్టరుగారు వేళ్ళతో నలపడం గుర్తొచ్చింది. గ్లవ్స్ వేసుకుని నీళ్ళలోనే పిండాను. బుడగలు బుసబుస వచ్చాయి. వదలగానే ముక్క మళ్ళీ తన ఆకారానికి వచ్చింది, ఈసారి బరువుగా, అడుగుకి మునిగి. 390 మిల్లీగ్రాములు. అంటే 35 రెట్లు. ఇలాంటి స్పాంజి తన బరువుకి 45 రెట్ల రక్తాన్ని పడుతుందని దీంట్లో పాత, పేరున్న బ్రాండు కరపత్రం చెబుతుంది. నా వేళ్ళకి ఇంకా పనితనం రాలేదు.

నవంబర్ 15

ఊదా రంగు గొడవ.

ఎంజైముగా, ప్రోటీన్లని కోసే ట్రిప్సిన్ తీసుకున్నాం. కొల్లాజెన్ కోసే కొల్లాజినేజ్ కొనే స్తోమత లేదు. ట్రిప్సిన్‌కి క్యాల్షియం ఉంటే మంచిది, ఆ క్యాల్షియం కాస్తా ఫాస్ఫేట్ బఫర్‌లో వేస్తే మడ్డి కడుతుంది, కాబట్టి పీహెచ్ నిలబెట్టడానికి ట్రిస్ బఫర్ పెట్టాం. బిళ్ళ ఎంత తెగిందో, అమైనో గుంపులు తగిలితే ఊదా రంగిచ్చే నిన్‌హైడ్రిన్‌తో చూడాలని ప్లాను. ప్రోటీన్ ముక్కలయ్యేకొద్దీ కొత్త అమైనో చివరలు బయటపడతాయి, ఊదా రంగు చిక్కబడుతుంది, 570 నానోమీటర్ల దగ్గర చదువుకోవచ్చు.

మరిగించి చూస్తే అన్ని ట్యూబులూ వంగపండు రంగే. బిళ్ళ వేయని ఖాళీ బఫర్ కూడా! ట్రిస్‌కే ఒక అమైనో గుంపు ఉందన్న సంగతి రెండో ఏడాది పిల్లాడు చెప్పాల్సి వచ్చింది. మొత్తం పారబోసి, క్యాల్షియం ఆశ వదులుకుని, ఫాస్ఫేట్ బఫర్‌కి మారాం. పీహెచ్ 7.4. ట్రిప్సిన్ తనని తనే కోసుకుని నీరసపడుతుంది కాబట్టి రెండు రోజులకోసారి కొత్తది పోయాలి.

నవంబర్ 18

ట్రిప్సిన్ వేయని ట్యూబులో కూడా బిళ్ళ సగం మాయం. పిల్లలు ఎగిరి గంతేశారు, "ఎంజైమ్ లేకుండానే అరిగింది సార్!" అని. మూత తీసి వాసన చూడమన్నాను. మురిగిన చేపల వాసన. బ్యాక్టీరియా మూడు రోజులు కడుపారా భోంచేసింది. జెలటిన్ అంటే వాటికి విందు. బ్యాక్టీరియాని ఆపే సోడియం ఎజైడ్ కలపడం మరిచిపోయాం. 0.02 శాతం వేసి మళ్ళీ మొదలు. ఎజైడ్ విషం. సింకులో పోస్తే పైపుల లోహంతో కలిసి పేలే పదార్థాలు కూడా తయారవుతాయి. వేరే సీసాలో పోగేస్తున్నాం, మీద ఎర్ర ఇంకుతో పుర్రె బొమ్మతో సహా.

నవంబర్ 21

నాన్న గుంట మానుతోంది. పెరుగన్నం తింటూ అడిగారు: "నా ప్రశ్న ఏమైందిరా?"

బిళ్ళల కథంతా చెప్పాను. మొదటి బిళ్ళ అరగంటలో కరిగింది, వేయించింది కరగలేదు, ఎంజైము పోస్తే మెల్లగా కరుగుతోంది అని.

"అదేంట్రా, రెండింటికీ ఒకే మాటా? ఉప్పు కరుగుతుంది. అన్నం అరుగుతుంది. చెప్పు కూడా అరుగుతుంది. నీ బిళ్ళ కరిగిందా, అరిగిందా?"

ఇరవై నిమిషాల పవర్‌పాయింట్‌తో నేను క్లాసులో చెప్పేది అదే. ఉప్పు నీళ్ళలో కరిగినా ఉప్పుగానే ఉంటుంది, ఆరబెడితే మళ్ళీ దొరుకుతుంది. నాన్న పంటిగుంటలోని జెలటిన్ అలా జెలటిన్‌గానే రక్తంలోకి జారిపోవడం లేదు. తెల్లకణాలు, వాటి వెనక మాక్రోఫేజులనే పెద్ద మింగుడు కణాలు వచ్చి చేరతాయి. జెలటినేజులనే ఎంజైములు వదిలి గొలుసుల్ని కోస్తాయి, చిన్న తునకల్ని మింగి లోపల ఇంకా సన్నగా కోస్తాయి. చర్మం కిందో కండరంలోనో పెడితే ఈ పని ముగియడానికి 4 నుంచి 6 వారాలు. ముక్కులాంటి తడి పొరల మీద అయితే 2 నుంచి 5 రోజుల్లోనే నీరుగారిపోతుంది. మందుల పాఠంలో 'శోషణ' అని రాసే గళ్ళో ఇక్కడ జరిగేది జీర్ణమే, కడుపు బయట.

పైకి తెరుచుకున్న పంటిగుంటలో కొంత ఉమ్మితో కలిసి గొంతు దిగే ఉంటుంది. ఆ ముక్క నాన్నకి చెప్పలేదు.

నవంబర్ 25

ట్యూబు అడుగున బిళ్ళ ఉందా లేదా అని చూస్తే చాలదు. పైన ఉన్న నీళ్ళలో ఏముందో తెలియాలి. పొడుగు గొలుసులా, తునకలా? దీనికి తోళ్ళు ఊనేవాళ్ళ విద్య పనికొచ్చింది. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే టానిన్ తోలులోని కొల్లాజెన్‌ని పట్టుకుని బిగిస్తుంది. అదే టానిక్ ఆమ్లం రెండు చుక్కలు జెలటిన్ నీళ్ళలో వేస్తే పాలవిరుగుడులా తెల్లగా విరుగుతుంది. గొలుసులు బాగా తెగిపోయి ఉంటే విరగదు.

మొదటి రోజు ట్యూబు నీళ్ళు: ఓ మోస్తరు మబ్బు. నాలుగో రోజువి: తేటగా, పక్కన పెట్టిన మామూలు నీళ్ళలాగే. నిన్‌హైడ్రిన్ మాత్రం నాలుగో రోజుకి బాగా ఊదా. పిల్లల్లో ఒకమ్మాయి రెండు ట్యూబుల్నీ కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఒకే నీళ్ళు, ఒక పరీక్షకి ఏమీ లేదంటున్నాయి, ఇంకో పరీక్షకి చాలా ఉందంటున్నాయి.

పాత జంతు పరిశోధనల్లో కూడా ఇదే తిరకాసు. ప్రోటీన్‌కి రేడియో అయోడిన్ తగిలించి ఎలుకలో పెడతారు, మూత్రంలో రేడియోధార్మికత కొలుస్తారు. వచ్చింది ప్రోటీనా, దాని తునకా, ఊడిపోయిన అయోడినా? ఊడిన అయోడిన్ తిన్నగా థైరాయిడ్‌లో చేరి అక్కడేదో పేరుకుంటోందన్న భ్రమ కలిగిస్తుంది. అందుకే ముందుగా ఎలుకలు తాగే నీళ్ళలో మామూలు అయోడైడ్ కలిపి థైరాయిడ్ కడుపు నింపేస్తారు. గోతాం కనిపించింది కదా అని అందులో బియ్యం ఉన్నట్టు కాదు.

నవంబర్ 27

తుఫాను. నిన్న సాయంత్రం పోయిన కరెంటు ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఇంక్యుబేటరు 26 డిగ్రీలకి దిగింది. 18 గంటల లెక్క గల్లంతు. ఈ విడత రీడింగులన్నీ కొట్టేశాం.

డిసెంబర్ 3

రెండో విడత పూర్తి. రోజూ అదే బిళ్ళని తూచలేం. ఆరబెట్టి తూస్తేనే నిజం బరువు, ఆరబెడితే బిళ్ళ పని అయిపోయినట్టే. కాబట్టి ఒక్కో రోజుకి మూడు బిళ్ళలు బలి. డాక్టరుగారి స్పాంజి రెండో రోజుకి దారప్పోగులయింది, మూడో రోజుకి లేదు. మేం వేయించినవి మూడో రోజుకి సగం, ఆరో రోజుకి ఖాళీ. పసుపు బిళ్ళలు ఆరో రోజుకి కూడా పెట్టినట్టే ఉన్నాయి. చిమటాతో పట్టి వదిలితే రబ్బరులా తుళ్ళుతున్నాయి.

ట్యూబులో మూడు రోజులంటే ఒంట్లో మూడు రోజులని కాదు. ఇక్కడ ఎంజైము చిక్కన, కణాలు శూన్యం. పోలిక చూసుకోవడానికే. కానీ పసుపు బిళ్ళ మొండితనానికి అర్థం దొరికింది. ట్రిప్సిన్ కోసేది లైసిన్, ఆర్జినిన్ ఉన్న చోట. గ్లుటరాల్డిహైడ్ పట్టుకుని కూర్చున్నది ఆ లైసిన్‌నే. కత్తి దిగాల్సిన చోటే ముడి పడింది. బయోగ్లూ వాడిన చోట నెలలకీ ఏళ్ళకీ మళ్ళీ ఆపరేషన్ చేసినప్పుడు ఆ జిగురు ఇంకా కనిపించడంలో వింత లేదు. ఎదిగే పిల్లల్లో రక్తనాళం చుట్టూ కడియంలా పూయొద్దని తయారీదారు హెచ్చరిక కూడా అందుకే. నాళం పెరుగుతుంది, కడియం అరగదు.

డిసెంబర్ 5

ఉలవలు.

ఫైబ్రిన్ జిగురులో అప్రోటినిన్ ఎందుకో పిల్లలకి చూపించాలి. ఫైబ్రిన్‌ని కోసే ఎంజైము ప్లాస్మిన్, అది ట్రిప్సిన్ జాతిదే. అప్రోటినిన్ వెళ్ళి దాని నోట్లో అడ్డంగా ఇరుక్కుంటుంది. అసలు అప్రోటినిన్ మా బడ్జెట్‌కి అందదు. పచ్చి ఉలవల్లో ట్రిప్సిన్‌కి అడ్డుపడే ప్రోటీన్ ఉంది. వాటిని ఉడకబెట్టి తినడానికి అదో కారణం. నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, సెంట్రిఫ్యూజ్‌లో తేర్చిన నీళ్ళు ఒక మిల్లీలీటరు ట్యూబులో పోశాం. వేయించిన బిళ్ళ మూడో రోజుకి సగం కావాల్సింది, దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. బాబాయ్ తేల్చి చెప్పాడు: "ఎద్దులకి కూడా ఉడకేసే పెడతాం సార్."

మరి కాపలాదారు చివరికి ఎటు పోతాడు? అప్రోటినిన్ చిన్నది, 58 అమైనో ఆమ్లాలు, సుమారు 6,500 డాల్టన్లు (అణువుల బరువుకి కొలత). 66,000 డాల్టన్ల ఆల్బుమిన్‌ని కిడ్నీ జల్లెడ ఆపేస్తుంది, దీన్ని ఆపదు. జల్లెడ దాటాక మూత్రంలోకి పోతుందా అంటే, అదీ లేదు. పక్కనే ఉన్న నాళికల కణాలు దాన్ని లోపలికి లాక్కుని, లైసోజోములనే తమ జీర్ణ సంచుల్లో వేసి అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. నరానికి ఎక్కించినప్పుడు రక్తంలో దాని సగం ఆయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే సమయం, మొదట రెండున్నర గంటలు, చివరి దశలో సుమారు 10 గంటలు. రేడియో గుర్తు వేసి చూస్తే, రెండు రోజుల్లో 25 నుంచి 40 శాతం గుర్తు మూత్రంలో తేలింది. ఉన్నది ఉన్నట్టుగా బయటపడిన మందు మాత్రం 2 శాతం దగ్గర. మళ్ళీ గోతాం, బియ్యం కథే.

రాత్రి ఎక్సెల్‌లో చిన్న లెక్క కట్టాను. ఈ అంకెలతోనే, కాకపోతే మందు నరంలోంచి కాక గడ్డలోంచి ఊరుతున్నట్టు. మూడు రోజులకి సగం చొప్పున ఊరుతుందని ఊహించి గీత గీస్తే, రక్తంలోని గీత కూడా మూడు రోజులకి సగం చొప్పునే దిగింది. పది గంటల సగం ఆయువు ఎక్కడా కనిపించలేదు. తొట్టి తూము బార్లా తెరిచి ఉన్నప్పుడు తొట్టిలో ఎన్ని నీళ్ళుంటాయో చెప్పేది పైన కారే కుళాయి. మా సబ్జెక్టులో దీన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. చదువుకునే రోజుల్లో నేను కూడా బట్టీపట్టాను. కిడ్నీ ఎంత చురుకైనా, గాయం దగ్గర పని ఎంత మెల్లగా సాగుతుందో అన్నదే మొత్తం కథని నడుపుతుంది.

ఫైబ్రిన్ తునకల పేరు మాత్రం ఎవరికీ కొత్త కాదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా నలిగిన డీ-డైమర్ అదే. ప్లాస్మిన్ ఎంత కోసినా విడిపోని జంట ముక్క. రక్తంలో దాని సగం ఆయువు సుమారు 8 గంటలు.

డిసెంబర్ 9

నాన్న స్పాంజి మూత్రంలో కనిపించేదా? ఇవాళంతా దీని మీదే.

జెలటిన్‌కి ఒక పుట్టుమచ్చ ఉంది: హైడ్రాక్సీప్రోలిన్. బరువులో 13, 14 శాతం అదే. మిగతా ప్రోటీన్లలో దాదాపు ఉండదు. ఇంకో విశేషం, ఒంట్లో కొత్త కొల్లాజెన్ అల్లేటప్పుడు దీన్ని తిరిగి వాడుకోరు. గొలుసు అల్లాక ప్రోలిన్‌ని అక్కడికక్కడే హైడ్రాక్సీప్రోలిన్‌గా మారుస్తారు తప్ప, రెడీమేడ్‌గా వచ్చినదాన్ని చేర్చుకునే ఏర్పాటు లేదు. గ్లైసిన్, అలనిన్‌లాంటివి వచ్చీరాగానే ఇంటి మందలో కలిసిపోతాయి. హైడ్రాక్సీప్రోలిన్‌ని చాలావరకు కాలేయం, కిడ్నీలు పైరువేట్, గ్లైఆక్సిలేట్ అనే చిన్న అణువులుగా విరగ్గొడతాయి. మిగిలింది చిన్న పెప్టైడులుగా మూత్రంలో పోతుంది.

లెక్క: స్పాంజి 11 మిల్లీగ్రాములు. అందులో హైడ్రాక్సీప్రోలిన్ సుమారు ఒకటిన్నర. వారం రోజులకి పంచినా రోజుకి సుమారు 0.2 మిల్లీగ్రాములు, అదీ కాలేయం ఏమీ ముట్టకపోతే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మూత్రంలో, మన ఎముకలూ చర్మం అరుగుదల వల్లే, రోజుకి 15 నుంచి 45 మిల్లీగ్రాములు పోతుంటుంది. సంతలో చెవిలో చెప్పిన మాట.

అయినా చేతులూరుకోక, వేయించిన బిళ్ళ ఒకదాన్ని 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉడికించి, హైడ్రాక్సీప్రోలిన్ ఉంటే గులాబీ రంగు చూపే క్లోరమిన్-టీ, తర్వాత ఎర్లిక్ ద్రావణం వేశాం. గులాబీ రంగు పొంగింది. నా మూత్రం నమూనా కూడా అలాగే చేశాం, అదీ గులాబీయే, మధ్యాహ్నం హాస్టల్ మెస్సులో తిన్న చికెన్ వాటాతో సహా. వెనకటికి ఎముకల జబ్బులకి ఈ పరీక్ష చేసేటప్పుడు, ముందు మాంసం, జెల్లీ, ఐస్‌క్రీమ్ మానేయమనేవారు. ఎందుకో రంగు చూస్తే తెలిసింది.

డిసెంబర్ 12

చెప్పేశాను.

భోజనాలయ్యాక ప్యాకెట్ తీసి నాన్న ముందు పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చదివారు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివారు.

"తెలిసీ దాచావా?"

"కార్తీకం కదా నాన్నా, అయ్యాక చెబుదామని."

"ఇప్పుడు ఉందా లోపల?"

లేదు, తడి గుంటలో పెట్టింది కాబట్టి చాలావరకు మొదటి వారంలోనే పోయుంటుంది అన్నాను. కొంత మింగేసి ఉంటారని కూడా చెప్పాను. మిగిలినది అమైనో ఆమ్లాలై మీ సొంత ప్రోటీన్లలో కలిసింది, ఒక్క హైడ్రాక్సీప్రోలిన్ మాత్రం కలవదు అన్నాను. దానికి చిన్నగా నవ్వారు.

"అంటే ఒక్కటే నిజాయితీగా బయటికి పోయింది. మిగతావన్నీ నేనైపోయాయి." కాసేపాగి, "సరే, ఆదివరాహమూర్తి అనుకుంటాలే" అన్నారు.

అమ్మ మాత్రం ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ప్యాకెట్ జేబులో పెట్టుకుని తిరిగినందుకట, స్పాంజి పెట్టినందుకు కాదు.

ఒక్క మాట డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, ఎవరి మీదా నెపం లేకుండా: పెట్టేముందు ఒకసారి దేంతో చేశారో చెబితే బాగుంటుందని. మొక్కల సెల్యులోజ్‌తో చేసిన రక్తం ఆపే గుడ్డలు కూడా ఉన్నాయి, అడిగితే అవే వాడేవాణ్ణి అన్నారు.

డిసెంబర్ 17

రిపోర్టులో ఇంకో పేజీ కావాలి, పిల్లలు వదిలేశారు. ప్రోటీన్ పోయినా దాని జ్ఞాపకం పోదు.

పశువుల త్రాంబిన్ గాయం మీద చల్లితే, త్రాంబిన్ పని నిమిషాల్లో అయిపోతుంది. రక్తంలోకి జారినదాన్ని, అక్కడే ఉండే యాంటీత్రాంబిన్ అనే అడ్డు ప్రోటీన్ పట్టి బిగిస్తుంది, ఆ జంటని కాలేయం లాగేస్తుంది. లెక్క ప్రకారం కథ కంచికి. కానీ ఆ త్రాంబిన్‌తో పాటు అణువంత పశు ఫ్యాక్టర్ ఫైవ్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఇంకో ప్రోటీన్) కూడా వచ్చేది. కొందరిలో దానికి యాంటీబాడీలు పుట్టి, వారాల తర్వాత మనిషి సొంత ఫ్యాక్టర్ ఫైవ్ మీద పడ్డాయి. రక్తం ఆపడానికి పూసిన మందు వల్ల రక్తం గడ్డకట్టకపోవడం. అమెరికాలో ఆ మందు మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక పెట్టారు. 2008లో పశువుల రక్తంతో పనిలేకుండా, జన్యు పద్ధతిలో చేసిన మానవ త్రాంబిన్‌కి అక్కడ అనుమతి వచ్చింది. అప్రోటినిన్ కూడా అంతే. నరానికి ఎక్కించేదానికి, అది అందిన ఏడాదిలోపు మళ్ళీ ఇవ్వొద్దని నిబంధన. పది గంటల సగం ఆయువున్న మందుకి పన్నెండు నెలల నిషేధం!

దీన్ని ఏ గళ్ళో రాయాలి సార్ అని పిల్లలు అడిగారు. శోషణ, పంపిణీ, విసర్జన అని మూడే గళ్ళు గీశారు. నాలుగోది పెన్సిల్‌తో గీయమన్నాను.

డిసెంబర్ 20

సెమిస్టర్ సెలవులు. ఇంక్యుబేటరు కట్టేసి శుభ్రం చేయాలి. ట్యూబులన్నీ ఖాళీ చేశాం, ఎజైడ్ సీసా స్టోర్‌కి పంపాం. గ్లుటరాల్డిహైడ్ రాక్‌లో ఒక్క ట్యూబు మిగిలింది. ముప్పై రోజులు, పదిహేనుసార్లు కొత్త ట్రిప్సిన్. బిళ్ళ అంచులు కాస్త గుండ్రబడ్డాయి. దాని తోబుట్టువుని ఆరబెట్టి తూస్తే పదో వంతు కూడా తగ్గలేదు.

"ఇది పారేయనా సార్?" బాబాయ్ ట్యూబు ఎత్తి వెలుగులో చూస్తున్నాడు.

"ఉంచు బాబాయ్. స్విచ్ ఆపకు."

"సంక్రాంతి దాకానా?"

"సంక్రాంతి దాకా చూద్దాం."